పసులమేఁత చిత్రములు: వాని ప్రామాణ్యము

చిత్రములను చరిత్రకుఁ బ్రమాణములుగా గ్రహించుట నేఁటి పరిశోధకులలో వాడుకయైనది. ఆంగ్లదేశపు చిత్రకారుఁడగు థామస్ గేన్స్‌బరో (1727-1788) పెన్సిలుతోను సుద్దతోను గీసిన పసులమేఁత చిత్రముల విషయమున నీ పద్ధతి యెంతవఱకుఁ జెల్లునో విచారించుట యీ వ్యాసమున కుద్దేశము.

ముందుగా సాధనమును గూర్చి కొంత చెప్పవలసియున్నది. పెన్సిలు అను మాట "చిన్నతోఁక" యను నర్థముగల లాటిను పదమునుండి పుట్టినది. మొదట నది వెండ్రుకల కుంచెకుఁ బేరు. పిమ్మట గీఁతపుల్లయందు రూఢమైనది. అందలి నల్లని పదార్థమును జిరకాలము సీసమని భ్రమించిరి. అది బొగ్గుజాతిదని 1779లో షీలే నిరూపించెను. "వ్రాయు" నను నర్థముగల గ్రీకు ధాతువునుండి గ్రాఫైటు అను పేరును 1789లో వెర్నరు కల్పించెను. ఇంగ్లాండు ఉత్తరభాగమునందలి బారోడేలులో 16వ శతాబ్దమున దీని మేలైన గని బయలుపడినది. అచటి కాపరులు తొలుత దీనితో గొఱ్ఱెలకు గుఱుతులు పెట్టుకొనెడివారని యైతిహ్యము. యోగార్థమునే పట్టుకొని పెన్సిలును తోఁక యనువాఁడును, వాడుకపేరు విని సీసమనువాఁడును సమముగా మోసపోవుదురు. చిత్రమును జూచి స్థలమును నిర్ణయించువానికిని నిట్టి ప్రమాదమే కలదు.

గేన్స్‌బరో సఫోకు మండలమునందలి సడ్‌బరీలో జన్మించెను. లండనులో శిక్షణము పొంది స్వస్థలమునకు మరలివచ్చి, 1752లో ఇప్స్‌విచికిని, 1759లో బాతునకును నివాసము మార్చెను. అతనికి జీవనాధారము మనుష్యుల రూపచిత్రములు. ప్రీతి మాత్రము పొలములయందు. సఫోకునాఁటి పెన్సిలు గీఁతలలోని చెట్లును ఆవులును గన్నులారఁ జూచి గీసినట్లే తోఁచును. కాని తరువాతి పద్ధతి వేఱు. ఆతని మరణానంతరము 1788 డిసెంబరులో రాయల్ అకాడమీయం దుపన్యసించుచు రెనాల్డ్సు ఒక విశేషము తెల్పెను. గేన్స్‌బరో బల్లమీఁద ఱాతిముక్కలను, ఎండిన మొక్కలను, అద్దపు పెంకులను గూర్చి, వానినే కొండలుగాను, చెట్లుగాను, నీరుగాను బెంచి చిత్రించెడివాఁడఁట!

ఈ విషయ ముపేక్షింపఁదగినది కాదు. ఆ శతాబ్దమునందే పార్లమెంటు శాసనములచే నాంగ్లదేశమున ఊరుమ్మడి మేఁతబీళ్లు అసంఖ్యాకముగాఁ గంచెలలోఁ జేరినవి. 1801లో నిందులకొక సామాన్యశాసనమును బుట్టినది. ఒంటి యావును బీటఁ గట్టి మేపుకొను పేదలు పెక్కురు తమ యనుభవమును గోల్పోయిరి. స్వేచ్ఛగా మేయు మందను జిత్రమునఁ జూపి "అప్పు డచట బీడు కల"దని వాదించుట, ఆ పోఁగొట్టుకొన్నవారి చరిత్రను జెఱిపివేయుటయే యగును.

అట్లయిన నీ చిత్రములు నిష్ప్రయోజనములా? కావు. ఆవు మోర వంచి గడ్డి కొఱుకు తీరును, ముంగాళ్లు మడిచి నెమరువేయు తీరును ఱాతిముక్కలు నేర్పఁజాలవు. అవి పసులచెంత నిలిచి చూచినవానికే తెలియును. కావున నీ చిత్రములు పశువు విషయమునఁ బ్రమాణములు. స్థలవిషయమున శాసనములును భూమి లెక్కలును బలపఱచినప్పుడే ప్రమాణములు. ఈ విభాగమును విజ్ఞులు పరిశీలింతురుగాక.