హిలాల్ వీథులలో రెండు చదువులు

అరబ్బీ భాషలో హిలాల్ అనగా నెలవంక. ఆ పేరు వహించిన పేట దోహా నగరమున సీ రింగ్ రోడ్డునకును డీ రింగ్ రోడ్డునకును నడుమ, నజ్మా, నుఐజా పేటల పొరుగున నెలకొనియున్నది. ప్రహరీగోడలు చుట్టిన విల్లాలు, ఒక్కొక్క విల్లాను రెండు మూడు వాటాలుగా చీల్చి అద్దెకిచ్చిన ఇండ్లు, మలయాళీల కిరాణా దుకాణములు, సంజెవేళ కారు కిటికీలోనికి అందించెడి కరక్ చాయ్ కప్పులు - ఇంతకు మించి యాత్రికునకు అచట చూడదగిన వింత లేదు. కాని శుక్రవారపు సాయంకాలమున అందలి తెలుగువారి యిండ్లలో ఏ యింట కూర్చున్నను, పండ్రెండవ తరగతి ముగించిన బిడ్డను డిగ్రీ చదువునకు పంపుటయా, లేక చేతికి వెంటనే పని తెచ్చిపెట్టు చదువునకు పంపుటయా అను చర్చ ఏదో యొక విధమున తల యెత్తక మానదు.

ఆ చర్చ చేయువారు అకౌంటెంట్లు, ఇంజనీర్లు, నర్సులు, కంపెనీ గుమాస్తాలు. చేతిపనియే బ్రతుకైన సెంట్రింగు వడ్రంగులు, కమ్మీలు వంచువారు, ప్లంబర్లు ఆ కూటమున సాధారణముగా ఉండరు; వారి బసలు నగరమునకు నైరృతి దిక్కున, మనవారు సనాయా అని పిలుచు ఇండస్ట్రియల్ ఏరియాలోను, ఆ పైనున్న క్యాంపులలోను గలవు. కుటుంబములు నివసించు పేటలలో కార్మికుల వసతిగృహములు ఉండరాదని ఖతర్ ప్రభుత్వము 2010 లో 15వ సంఖ్య గల చట్టమునే చేసినది. కాలేజీ చదివినవాడొక పేటలోను, పని నేర్చినవాడు వేరొక పేటలోను ఉండుట అచట అలవాటు మాత్రమే కాదు, శాసనము కూడ. ఆ 2010వ సంవత్సరము మన కథలో మరి రెండు పర్యాయములు వచ్చును గనుక పాఠకులు దానిని గుర్తుంచుకొందురు గాక.

చమురు వెలికివచ్చుటకు ముందు ఆ తీరవాసులకు తెలిసిన పెద్ద విద్య ముత్యముల వేట. దానిని నేర్పు పాఠశాల లేదు. బాలుడు పడవలో ఊడిగమునకు చేరి, తాడు పట్టువాని చెంత కొన్నాళ్లు మెలగి, పిమ్మట తానే మునుగువాడగును. ముక్కునకు బిగించు చీలిక, కాలికి కట్టిన రాయి, మెడకు వ్రేలాడు వలసంచి - ఇవియే వాని ఉపకరణములు. పడవ నడపు నఖూదా వేట ఋతువు రాకముందే కుటుంబపోషణకై బయానా యిచ్చును. ఆ యేటి వేట చాలనిచో బాకీ మరుసటి యేటికి నడచును. బాకీ తీరువరకు మునుగువాడు వేరొక పడవ నెక్కుటకు వీలులేదు. అట్లు తీసిన ముత్యములే బొంబాయి వర్తకుల మీదుగా హైదరాబాదు చేరి, బస్రా ముత్యములను పేరున ప్రభువుల కంఠములను అలంకరించినవి. 1930 ప్రాంతమున జపానువారి పెంపకపు ముత్యములు విపణిని ముంచెత్తగా ఆ వృత్తి కుప్పకూలెను. దుఖాన్‌లో 1940 లో చమురు పడినను, మధ్య యుద్ధము అడ్డుపడి, మొదటి ఎగుమతి 1949 చివరకు గాని సాగలేదు. చేతనున్న విద్యకు గిరాకి లేక, గిరాకి రాబోవు విద్యను నేర్పువారు లేక, ఆ నడిమి సంవత్సరములలో ఆ జనము పడిన అగచాట్లు సామాన్యమైనవి కావు. నేడు వారి ప్రభుత్వము చదువు మీద ధారాళముగా వెచ్చించుటను చూచి అసూయపడువారు ఆ దినములను కూడ తలచుట న్యాయము.

మన వైపు చూతము. బందరు అను మాటయే పారశీకము; గోలకొండ సుల్తానుల కాలమున మచిలీపట్నమునుండి కలంకారీ వస్త్రములు పారశీక సింధుశాఖలోని బందర్ అబ్బాస్‌కు ఓడలలో పోయెడివి. అప్పుడు తెలుగువాని పనితనము సముద్రము దాటినది గాని పనివాడు దాటలేదు. ఆ బందరులోనే 1910 లో కోపల్లె హనుమంతరావుగారు, పట్టాభి సీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు గార్ల తోడ్పాటుతో ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పిరి. నేను ఈ వ్యాసమునకు పూనుకొనుటకు సగము కారణము ఆ కళాశాలయే. వడ్రంగము, నేత, తివాచీలు, చిత్రలేఖనము ఒక ప్రక్కను, భాషలు, శాస్త్రములు మరొక ప్రక్కను పెట్టి, రెంటిని ఒకే విద్యార్థి అభ్యసింపవలెనని ఆ సంస్థాపకులు తలచిరి. పింగళి వెంకయ్యగారు అచట అధ్యాపకులు. అడివి బాపిరాజుగారు కొంతకాలము ప్రధానాచార్యులు. ఇంత గొప్పవారు నడపిన విద్యాలయమునకు కొరతయేమి యనగా, అది సర్కారు చదువునకు ఎదురుగా నిలిచినది గనుక, దాని పట్టమునకు సర్కారు కచేరీలో విలువ లేకపోవుటయే. హనుమంతరావుగారు 1922 లోనే కన్నుమూసిరి. చదువును పనిని కలుపు ఆలోచన మనకు పరాయిది కాదు. దానికి లోపించినది ముద్ర.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప ముద్ర వేయు బాధ్యతను ప్రభుత్వమే వహించెను. కాకినాడలో ఆంధ్ర పాలిటెక్నిక్ అప్పటికే 1946 లో వెలసినది. 1950 లో కేంద్రప్రభుత్వము చేతిపనుల శిక్షణ పథకమును ఆరంభింపగా ఐటీఐలు ఊరూర పుట్టుచు వచ్చెను. 1961 లో అప్రెంటిసుల చట్టము వచ్చెను. అయినను పల్లెలయందు తాపీపనియు, సెంట్రింగుపనియు నేర్పిన గురువు మేస్త్రీయే గాని ఐటీఐ కాదు. మొదట ఇసుక జల్లించుట, నీళ్లు మోయుట, మాలు అందించుట. మేస్త్రీ దయ దలచిననాడు తాపీ చేతికివచ్చుట. గోడ తూకము తప్పినపుడు అదే తాపీ కర్రతో వ్రేళ్ల మీద దెబ్బ తినుట - ఇది ఆ విద్య యొక్క పాఠ్యక్రమము. దానికి రుసుము లేదు, సెలవు లేదు, చివరకు కాగితమును లేదు. 1973 తరువాత చమురు ధర పెరిగి గల్ఫు దేశములు పట్టణములు కట్టుటకు పూనుకొన్నపుడు, చెరువులెండిన కరీంనగరము, నిజామాబాదు జిల్లాలనుండియు, కోనసీమనుండియు, కడప జిల్లా రాజంపేట, రాయచోటి ప్రాంతములనుండియు బయలుదేరినవారిలో ఇట్టి కాగితము లేని పండితులు అసంఖ్యాకులు. బొంబాయిలో ట్రేడ్ టెస్టు అను పేర ఒక పూట గోడ కట్టించి చూచి, వారి జీవితవిద్యను తేల్చెడివారు.

ఇక పాస్‌పోర్టు సంగతి. 1922 నాటి చట్టమును తొలగించి 1983 లో మన పార్లమెంటు వలసల చట్టమును చేసినది. దాని వలన, ఖతర్ మొదలగు కొన్ని దేశములకు ఉద్యోగమునకై పోవు తక్కువ చదువరి ప్రభుత్వాధికారి అనుమతి పొందిన గాని విమానమెక్కరాదు. మోసపోవువారిని కాచుటకే ఈ తనిఖీ ఏర్పడినది గనుక దాని ఉద్దేశమును తప్పుపట్టుట లేదు. ఐతే ఎవరికి ఈ తనిఖీ అక్కరలేదను పట్టికను నిదానముగా చదివితినేని, విద్య విలువను గూర్చి మన రాజ్యము ఏమనుకొనుచున్నదో బయటపడును. పదవ తరగతి ప్యాసైన వానికి అక్కరలేదు. ప్రభుత్వము గుర్తించిన వృత్తిశిక్షణ సంస్థలో రెండేండ్ల డిప్లొమా పొందినవానికి అక్కరలేదు. అంతకుముందే విదేశములలో మూడేండ్లకు మించి గడపినవానికిని అక్కరలేదు. బడిలో పదియేండ్లు, కార్ఖానాలో రెండేండ్లు, పరదేశపు ఎండలో మూడేండ్లు - చట్టము దృష్టిలో మూడును సమానము. ఇంతకన్న సూక్ష్మమైన తులనాత్మక విమర్శ విద్యాశాస్త్ర గ్రంథములలో నాకు కనబడలేదు. కాని ఇరువదియేండ్లు మేస్త్రీ వద్ద పనిచేసి స్వగ్రామమున దేవాలయపు గోపురమును నిలబెట్టిన తాపీవానికి ఆ పట్టికలో చోటు లేదు; లెక్కలలో బొటాబొటిగా ముప్పదియైదు మార్కులు తెచ్చుకొని తాపీ పట్టుటయే యెరుగని బాలునకు కలదు.

ఇప్పుడు 2010వ సంవత్సరమునకు వత్తము; కాని దానికి ముందు కమ్యూనిటీ కాలేజీ పుట్టుకను చెప్పవలెను. అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రపు జోలియెట్ పట్టణమున 1901 లో ఆరుగురు విద్యార్థులతో మొదలైన రెండేండ్ల జూనియర్ కాలేజీ, అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన సంఘము యొక్క 1947 నాటి నివేదిక తరువాత కమ్యూనిటీ కాలేజీ అను పేరున ఆ దేశమంతట వ్యాపించినది. ఊరివారికి ఊరిలోనే, ప్రవేశపరీక్షల కోతలు లేక, చవుకగా చెప్పెడి చదువది. 2014 లో టెనెసీ రాష్ట్రము దానిలో ట్యూషన్ రుసుమును ఎత్తివేయుటకు చట్టము చేసెను; మరుసటి జనవరిలో అధ్యక్షుడు ఒబామా దేశమంతటను అట్లే చేయవలెనని ప్రతిపాదించెను గాని కాంగ్రెసు సాగనీయలేదు. అచట కాలేజీ గొప్పదా, వృత్తిశిక్షణ గొప్పదా అను వాదము నేటికిని నడచుచున్నది; నడచుట వింతయే, ఏలయన ఆ కమ్యూనిటీ కాలేజీ కప్పు క్రిందనే సాహిత్యపు తరగతి ప్రక్కన వెల్డింగు తరగతియు జరుగుచుండును. బందరులో మనవారు కన్న కల ఇలినాయ్‌లో ముద్రతో సహా ఫలించినదని నేననుకొందును.

ఖతర్ కమ్యూనిటీ కాలేజీని, వృత్తివిద్యను రెండు దేశములనుండి వేరువేరుగా దిగుమతి చేసికొన్నది. 1973 లో ఏబదియేడుగురు బాలురు, తొంబదిమువ్వురు బాలికలతో అధ్యాపక శిక్షణ కళాశాలగా మొదలైన సంస్థ 1977 లో ఖతర్ విశ్వవిద్యాలయమయ్యెను. సాంకేతిక విద్యకై 2002 లో కెనడాదేశపు న్యూఫౌండ్‌లాండ్ నుండి కాలేజ్ ఆఫ్ ది నార్త్ అట్లాంటిక్‌ను పిలిపించిరి. అదియే 2022 లో దోహా శాస్త్రసాంకేతిక విశ్వవిద్యాలయమైనది. 2010 సెప్టెంబరులో హ్యూస్టన్ కమ్యూనిటీ కాలేజీ తోడ్పాటుతో కమ్యూనిటీ కాలేజ్ ఆఫ్ ఖతర్ తలుపులు తెరచినది. సెకండరీ ముగించియు విశ్వవిద్యాలయమునకు తూగనివారికి, ఉద్యోగముననుండి మరల చదువగోరువారికి అది ద్వారమైనది. ఖతరీ పౌరులకు ట్యూషన్ లేదు. దాని తరువాత మూడు నెలలు తిరుగకముందే, డిసెంబరు 2న, 2022 ప్రపంచ ఫుట్‌బాల్ కప్పు పోటీలు ఆ దేశమునకు లభించినవి. మైదానములు, మెట్రో, హోటళ్లు కట్టుటకు లక్షల చేతులు కావలసివచ్చెను. పౌరుని బిడ్డకు ఉచిత విద్యాలయము, పరదేశికి క్యాంపు, ఇద్దరి చేత కట్టబడిన నూతన నగరము - మూడును ఒకే సంవత్సరపు సంతానము.

ఉచితమను మాటను ఇచట నిలిపి చూడవలెను. జగిత్యాలనుండి వచ్చిన వడ్రంగికిని పని నేర్చునపుడు రుసుము లేదు. నేర్చినదానిని అమ్ముకొనుటకే రుసుము. ఏజెంటునకు చట్టపు మితిని మించి ముట్టజెప్పి, ఆ సొమ్మునకు ఊరిలో వడ్డీ కట్టుచు, మొదటి రెండేండ్ల జీతమును ఆ బాకీకే ధారపోసినవారు ఎందరో. నఖూదా బయానాకును దీనికిని నేను పెద్ద భేదమును చూడలేకున్నాను. వేరొక పడవ నెక్కరాదను నియమము కూడ చాలకాలము అట్లే యుండెను: యజమాని నిరభ్యంతర పత్రము, మనవారి భాషలో ఎన్ఓసీ, ఈయనిదే మరియొక కంపెనీకి మారుటకు వీలుండెడిది కాదు. హెల్పరుగా వచ్చినవాడు ఎలక్ట్రీషియను పని నేర్చి, ఐటీఐ పట్టము కూడ గడించినను, ఆ యజమాని చెంత హెల్పరుగానే మిగులవలసివచ్చెడిది. విద్యకు విలువ కట్టెడి సంత లేనిచోట విద్య యొక్క తారతమ్యమును చర్చించుట గాలిలో తూచుట వంటిది. 2016 జూనులో భారత ప్రధానమంత్రి దోహా వచ్చినపుడు నైపుణ్యశిక్షణ, అర్హతల పరస్పర గుర్తింపులను గూర్చి ఇరుదేశములు ఒప్పందమును వ్రాసికొన్నవి. నా దృష్టిలో అంతకన్న పెద్ద విద్యాసంస్కారము 2020 నాటి చట్టసవరణ. దానితో ఎన్ఓసీ నియమము తొలగెను. 2021 మార్చి 20 నుండి కనిష్ఠ వేతనము వేయి రియాళ్లని నిర్ణయించిరి. తాపీవాని చేతిలోని నేర్పునకు ధర అడుగు హక్కు ఆనాటినుండి కాగితము మీదనైనను కలిగినది.

తెలుగుదేశమున ఉచిత కాలేజీకి సమీపమైనది ఏదని యడిగినచో, 1982 లో హైదరాబాదున స్థాపితమై నేడు అంబేద్కరు పేరు వహించిన సార్వత్రిక విశ్వవిద్యాలయమును చెప్పుదును. బడి మానినవాడు అర్హతపరీక్ష నెగ్గి పట్టభద్రుడు కాగల మార్గమును తెరచిన అది భారతదేశమున మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము. వృత్తిశిక్షణ వైపున, అదే నగరమున 1998 లో వెలసిన జాతీయ నిర్మాణ అకాడమీ తాపీ, ప్లంబింగు, విద్యుత్తు పనులను గ్రామయువకులకు నేర్పి కాగితమును కూడ చేతికిచ్చును. మేస్త్రీ ఈయలేకపోయినది ఆ కాగితమే. ఈ రెంటిలో ఒకటి భ్రాంతి, ఒకటి సత్యమని వాదించువారితో నాకు పొత్తు కుదరదు.

మొన్న ఒక శుక్రవారము అల్ హిలాల్‌లోని చాయ్ దుకాణము ముందు, ఏ.సీ. మరమ్మతునకు వచ్చిన జగిత్యాల మనిషి యొకడు పనిసంచిని కాళ్ల నడుమ పెట్టుకొని ఫోనులో ఇంటివారితో మాటలాడుచుండెను. పిల్లవాడు ఐటీఐ యనుచున్నాడట, తల్లి డిగ్రీ యనుచున్నదట. అతడు ఇద్దరి మాటను సాంతముగా విని, చాయ్ ముగించి, ఇట్లనెను: "గదంత ఎనక జూద్దం గని, ముందుగాల వాన్ని పదో తరగతి పాస్ గానియ్యి."