ఉంగటం చెప్పు నుంచి బాస్కెట్‌బాల్ బూటు వరకు: గోదావరి డెల్టాలో పాదరక్షల కొలత, పదార్థం, మన్నిక

వ్యాససంగ్రహం:
పాదరక్ష చరిత్రను సాధారణంగా ధరించినవారి వైపు నుంచి చెప్పుకుంటాం. గోదావరి డెల్టాను క్షేత్రంగా తీసుకొని, తయారుచేసిన చేతుల వైపు నుంచి ఆ చరిత్రను చదవడం ఈ వ్యాసం ఉద్దేశం. తంగేడు చెక్కతో ఊనిన తోలు చెప్పునూ, నేటి బాస్కెట్‌బాల్ బూటునూ కొలత, పదార్థం, మన్నిక అనే మూడు అంశాల్లో పోల్చి, మన్నిక వస్తువులో మాత్రమే ఉండే గుణం కాదనీ, పాదానికీ నేలకీ బాగుచేసే చేతికీ మధ్య ఉండే సంబంధమనీ ఇది ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పాదరక్ష, తోలుపని, లంద, ఉంగటం, బాస్కెట్‌బాల్ బూటు, మన్నిక, గోదావరి డెల్టా.

1. ఉపోద్ఘాతం:
‘చెప్పు’ దేశ్యపదం. తమిళంలోని చెరుప్పు, కన్నడంలోని కెరవు దీనికి సోదర పదాలు. ‘పాదుక’, ‘పాదరక్ష’ సంస్కృతం నుంచి వచ్చాయి. ‘బూటు’ ఆంగ్లం నుంచి వచ్చింది. ఒకే అవసరాన్ని తీర్చే ఈ మాటలకు సమాజంలో దక్కిన గౌరవం మాత్రం ఒకటి కాదు. రామకథలో భరతుడు సింహాసనంపై నిలిపిన పాదుకలు పూజనీయాలయ్యాయి. చెప్పు తిట్టులో చేరింది. బూటు హోదాకు గుర్తయింది. ఈ మూడింటిలో ఏదీ దానిని కుట్టినవారి పేరును మోయదు. తెలుగు సాహిత్యంలో చెప్పు తరచుగా కనిపిస్తుంది. దాని తయారీలోని జ్ఞానం అరుదుగా కనిపిస్తుంది. ఈ ఖాళీయే ప్రస్తుత పరిశీలనకు ప్రాతిపదిక.

2. నేల – నీరు – తోలు:
1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట డెల్టా నేల స్వభావాన్ని మార్చింది. కాలవ నీరు పారిన పల్లపు భూముల్లో వరి ప్రధానమైంది. దమ్ము చేసిన మడిలో చెప్పు పనికిరాదు. అక్కడ రైతు, కూలీ ఇద్దరివీ వట్టి కాళ్లే. చెప్పు అవసరమైనది మెట్టదారుల్లో, ముళ్లున్న డొంకల్లో, ఎండకు కాలే లంక ఇసుకలో. మెట్టలో మోట బొక్కెనకూ తోలే ఆధారం. అంటే డెల్టాలో తోలుపని ఒక్క పాదానికే పరిమితం కాలేదు. సేద్యంలో అది ఒక అంగం.

ఈ పనిని తరతరాలుగా చేసినవారు మాదిగలు. పచ్చితోలును సున్నపు నీటిలో నానబెట్టి వెంట్రుకలు తీసి, లందలో తంగేడు చెక్క, కరక్కాయ వంటి వగరు పదార్థాలతో ఊనేవారు. ఆ వగరు తోలులోని మాంసకృత్తులతో కలిసి కుళ్లును ఆపుతుంది. రసాయనశాస్త్రం తర్వాతికాలంలో వివరించిన ఈ చర్యను వాళ్లు రంగు, వాసన, స్పర్శల ద్వారా గుర్తించి నియంత్రించారు. రంపెతో కోసి, ఆరెతో పొడిచి, తోలు వారుతోనే కుట్టేవారు. ప్రతిఫలంగా కళ్లంలో ధాన్యపు మేర దక్కేది.

19వ శతాబ్ది ఉత్తరార్ధంలో మద్రాసు రాష్ట్రపు తోళ్లు పెద్దయెత్తున విదేశీ విపణికి చేరడంతో, ఊరి బాధ్యతగా ఉన్న తోలు అంగడి సరుకైంది. 1904లో ఆల్‌ఫ్రెడ్ ఛాటర్టన్ మద్రాసు రాష్ట్రంలోని తోలు పరిశ్రమపై ప్రత్యేక గ్రంథం వెలువరించాడు. నీటికి ఎక్కువగా తట్టుకొనే క్రోమ్ తోలును మోట బొక్కెనలకూ చెప్పులకూ వాడుకలోకి తేవాలని ప్రయత్నించినవాడు కూడా ఆయనే. తోలు జ్ఞానం లంద నుంచి కర్మాగారానికి మారే క్రమంలో ఇదొక మలుపు.

3. కొలత – పాదం నుంచి అంకెకు:
ఊరి చెప్పుకు కొలత ధరించేవాడి పాదమే. తోలుపై కాలు పెట్టించి గీత గీసేవారు. బొటనవేలు దూరే తోలు వలయమైన ఉంగటాన్ని ఆ వేలి లావును బట్టి బిగించేవారు. ఎడమ కాలికీ కుడి కాలికీ ఉన్న తేడా ఆ గీతలోనే నమోదయ్యేది. కొత్త చెప్పు ‘కరిస్తే’ ఆముదం రాసి మెత్తబరిచేవారు. సరిపడని పాదరక్షను ‘కరిచింది’ అనడం తెలుగు పలుకుబడి. చెప్పుకూ పాదానికీ మధ్య పొసగడం, పొసగకపోవడం అనే సంబంధాన్ని ఆ ఒక్క క్రియ పట్టిచూపుతుంది.

కర్మాగారపు బూటులో కొలత అంకెగా మారింది. బ్రిటిష్ పద్ధతిలో ఒక సైజుకూ తర్వాతి సైజుకూ తేడా అంగుళంలో మూడోవంతు. ఈ అంకె పొడవునే చెబుతుంది, వెడల్పును చెప్పదు. వట్టి కాళ్లతో పెరిగినవారి పాదాల ముందుభాగం వెడల్పుగా ఉంటుందని దక్షిణ భారతీయులపై జరిగిన అధ్యయనం ఒకటి 2009లో వెల్లడించింది. 1992లో రావు, జోసెఫ్ 2,300 మంది పిల్లలను పరిశీలించి, చదును పాదం బూట్లు తొడిగినవారిలో 8.6 శాతం, తొడగనివారిలో 2.8 శాతం ఉన్నట్లు ప్రకటించారు. చెన్నైలోని కేంద్రీయ తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు – 2022 మార్చి మధ్య 79 ప్రాంతాల్లో 1,01,880 మంది పాదాలను కొలిచి, భారతీయులకు ప్రత్యేకంగా ‘భా’ అనే సైజు పద్ధతిని ప్రతిపాదించింది. ఊరి చెప్పు ఏనాడో పాటించిన సూత్రాన్ని శాస్త్రం జాతీయస్థాయిలో తిరిగి చేరుకుంటున్నదనడానికి ఇది నిదర్శనం.

4. బాస్కెట్‌బాల్ బూటు – వేరొక నేల కోసం పుట్టిన వస్తువు:
జేమ్స్ నైస్మిత్ 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఈ ఆటను రూపొందించింది చలికాలపు వ్యాయామశాల కోసం. 1917లో వచ్చిన కాన్వర్స్ ఆల్‌స్టార్ కాన్వాసు గుడ్డ, రబ్బరు అట్టల కలయిక. 1920లో హ్యారీ క్రో బక్ మద్రాసులో స్థాపించిన వై.ఎం.సి.ఎ. వ్యాయామవిద్యా కళాశాల వంటి సంస్థల ద్వారా శిక్షణ పొందిన ఉపాధ్యాయులు ఇటువంటి ఆటలను రాష్ట్రమంతటా వ్యాపింపజేశారు. అప్పటికి గోదావరి జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో భాగం.

అయితే ఆట వచ్చినంత సులువుగా చెక్కనేల రాలేదు. మన విద్యాలయాల్లో సాధారణంగా కనిపించేది ఆరుబయటి సిమెంటు కోర్టు. నేటి బాస్కెట్‌బాల్ బూటు ప్రధానంగా నున్నని చెక్కనేలను దృష్టిలో ఉంచుకొని తయారవుతుంది. దాని అడుగు రబ్బరుపై చేపముల్లు ఆకారంలో ఉండే గాడులు పక్కకు కదిలేటప్పుడు పట్టునిస్తాయి. పట్టు కోసం రబ్బరును మెత్తగా చేసినకొద్దీ గరుకు సిమెంటుపై అది త్వరగా అరుగుతుంది. ఆరుబయట ఆడేవారికి గట్టి రబ్బరు, లోతైన గాడులు అవసరం.

రెండో పరీక్ష తేమ. మడమ కింద దెబ్బను మింగే నడి అట్టను ఎక్కువగా ఇ.వి.ఎ. నురుగుతోనో, పాలీయురేథేన్‌తోనో చేస్తారు. ఇ.వి.ఎ. తేలికైనది, వాడుకలో క్రమంగా అణగిపోతుంది. పాలీయురేథేన్ ఎక్కువకాలం ఆకారం నిలుపుకొంటుంది. కాని దానిలోని కొన్ని రకాలు గాలిలోని తేమతో చర్య జరిపి, పెట్టెలో వాడకుండా ఉంచినా పొడిగా రాలిపోతాయి. సముద్రపుగాలి, కాలవల తేమ కలిసిన డెల్టా వాతావరణం ఈ చర్యకు అనుకూలం. అంటు పదార్థంతో అతికిన అట్టలు వేడికీ తేమకూ విడిపోవడం కూడా ఇటువంటిదే. ఒకచోట మన్నే బూటు మరొకచోట మన్నకపోవడానికి తయారీలోపం ఒక్కటే కారణం కానక్కరలేదు.

5. మన్నిక – బాగుచేసే చేయి:
తోలు చెప్పు కుట్టుపై నిలిచింది. ఉంగటం తెగితే ఉంగటమే మార్చేవారు, అడుగు అరిగితే అడుగే వేసేవారు. భాగాలను విడదీయగలగడమే దాని మన్నికలోని రహస్యం. ఆధునిక బూటు అంటుపై నిలిచింది. గాలిసంచి ఉన్న అట్టను ఆరెతో పొడిస్తే అది పనికిరాకుండా పోతుంది. అయినా, అంచు పైకి లేచి గిన్నెలా పాదాన్ని చుట్టే అట్టలకు పక్కకుట్టు వేయవచ్చు. పట్టణాల్లో రోడ్డుపక్క కూర్చున్న చెప్పులు కుట్టేవారు చేస్తున్న పని ఇదే. అపరిచితమైన నిర్మాణాన్ని చూసి, ఎక్కడ పొడవాలో ఎక్కడ పొడవకూడదో నిర్ణయించడం చిన్న విద్య కాదు. లందకాలపు జ్ఞానానికి ఇది జీవించి ఉన్న కొనసాగింపు.

ఈ జ్ఞానాన్ని సమాజం ఏ విధంగా చూసిందనేది మరో ప్రశ్న. ఊరందరికీ చెప్పులు కుట్టినవాడు, ఊరి వీధిలో తన చెప్పులను చేతబట్టి నడవవలసి రావడం దళిత జీవిత కథనాలు పదేపదే చెప్పిన అనుభవం. దళితులు బహిరంగ ప్రదేశాల్లో పాదరక్షలు ధరించకుండా అడ్డుకోవడాన్ని అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ నేరాల జాబితాలో పేర్కొన్నది. 21వ శతాబ్దిలోనూ చట్టం ఆ మాటను రాయవలసి వచ్చింది. ఈ నేపథ్యంలో దళిత యువకుడు కోర్టులో బూటు తొడిగి ఆడటం క్రీడాచరిత్రలో ఎంత భాగమో, సామాజిక చరిత్రలోనూ అంతే భాగం. రాజమహేంద్రవరంలో తెలుగు ఆచార్యులుగా పనిచేసిన ఎండ్లూరి సుధాకర్ ‘మల్లెమొగ్గల గొడుగు’ను మాదిగ కథలుగా వెలువరించడం, ఈ జీవితాన్ని లోపలి నుంచి చెప్పే మార్గాన్ని బలపరిచింది.

6. ముగింపు:
పై పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:
1. ఊరి చెప్పు పాదాన్ని కొలతగా తీసుకుంది. కర్మాగారపు బూటు పాదాన్ని అంకెలో ఇమిడ్చింది. ‘భా’ ప్రతిపాదన ఈ అంతరాన్ని తగ్గించే ప్రయత్నం.
2. పదార్థం మంచిచెడ్డలు నేలను, వాతావరణాన్ని బట్టి నిర్ణయమవుతాయి. చెక్కనేలపై మేలైనది డెల్టా సిమెంటుపై మేలైనది కాకపోవచ్చు.
3. బాగుచేయగల చేయి దగ్గర ఉన్నంతకాలమే వస్తువు మన్నుతుంది. ఆ చేతిని అవమానించిన సమాజం తన మన్నికనూ తగ్గించుకుంది.

భద్రిరాజు కృష్ణమూర్తి నేతృత్వంలో మొదలైన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటాల్లో వ్యవసాయ, చేనేత పదాలకు స్థానం దక్కింది. ఆ క్షేత్రపద్ధతిలోనే డెల్టా తోలుపని మాటలను ఊరూరా సేకరించవలసి ఉంది. లంద, ఆరె, రంపె, ఉంగటం వంటి మాటలు తెలిసిన వృద్ధులు ఇంకా ఉన్నారు. వారితో పాటు, నేడు రోడ్డుపక్క బూటుకు కుట్టు వేస్తున్నవారి మాటలనూ నమోదు చేసినప్పుడే ఆ పదకోశం పూర్తవుతుంది. పరిశోధకులు ముందుగా వెళ్లవలసినది గ్రంథాలయానికి కాదు, వారి దగ్గరికే.