పొగకు పెట్టిన గడువు

ఈసారి మన మాట "గడువు". ఒక పని ఫలానా రోజులోపు అయిపోవాలి అని పెట్టుకునే చివరి తేదీ అది. గడువు పెడతారు, గడువు పెంచుతారు, గడువు దాటిపోతుంది. మా రిచ్‌మండ్ హిల్ ఉన్న ఒంటారియోలో గాలి ఎలా బాగుపడిందో చెప్పాలంటే ఈ మాట లేకుండా కుదరదు.

2003 నాటికి ఒంటారియో కరెంటులో దాదాపు నాలుగో వంతు బొగ్గు నుంచి వచ్చేది. బొగ్గు కాలిస్తే సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు, కంటికి కనపడనంత సన్నని నుసి గాలిలోకి పోతాయి. సల్ఫర్ డయాక్సైడ్ తేమతో కలిసి ఆమ్ల వర్షంగా పడుతుంది. ఆ వాన పడే చెరువుల్లో చేపలు తగ్గిపోతాయి. నైట్రోజన్ ఆక్సైడ్లు, పెట్రోలు ఆవిర్లు ఎండలో కలిస్తే ఓజోన్ తయారవుతుంది. ఆకాశంలో పైనున్న ఓజోన్ మనల్ని కాపాడుతుంది, నేల దగ్గర ఓజోన్ ఊపిరితిత్తులను మండిస్తుంది. సన్నని నుసి గుండెకు కూడా చేటు.

2005లో ఒంటారియోలో 53 రోజులు స్మాగ్ హెచ్చరికలు ఇచ్చారు. తెలుగు పత్రికలు స్మాగ్‌ను "పొగమంచు" అంటాయి. కానీ ఇక్కడ అది ఎక్కువగా వేసవిలోనే వచ్చేది, మంచు ఏమీ ఉండేది కాదు! గాలి కాలుష్యం వల్ల ఏడాదికి సుమారు 5,800 మంది ముందుగానే చనిపోతున్నారని ఒంటారియో మెడికల్ అసోసియేషన్ ఆ ఏడాదే అంచనా వేసింది.

ఇక గడువుల కథ. మిసిసాగాలో సరస్సు ఒడ్డున లేక్‌వ్యూ బొగ్గు విద్యుత్ కేంద్రం ఉండేది. దాని నాలుగు పొగగొట్టాలను జనం "నలుగురు అక్కచెల్లెళ్లు" అనేవారు. 2005 ఏప్రిల్ తర్వాత అక్కడ బొగ్గు కాల్చకూడదని 2001లో ప్రభుత్వం ఆదేశించింది. ఆ గడువు నిలిచింది. 2006 జూన్ 12న పొగగొట్టాలను కూల్చేశారు.

మిగతా కేంద్రాల గడువు అలా నిలవలేదు. 2003 ఎన్నికల్లో గెలిచిన డాల్టన్ మెక్‌గింటీ, 2007కల్లా అన్నీ మూసేస్తామని మాట ఇచ్చారు. అది 2009కి, తర్వాత 2014కి జరిగింది. బొగ్గు ఆపితే ఆ కరెంటు ఇంకెక్కడి నుంచో రావాలి కదా. అణు విద్యుత్, సహజ వాయువు ఆ లోటు పూడ్చాయి. అయితే 2007లో 2014 గడువును నియమంగా రాశారు. ఆ తర్వాత అది కదల్లేదు. 2013 చివర నాంటికోక్, 2014 ఏప్రిల్‌లో థండర్ బే బొగ్గు మానేశాయి.

పేరంతా బొగ్గు నియమానికే ఇవ్వకూడదు. కార్ల పొగ తగ్గింది, అమెరికా నుంచి కొట్టుకొచ్చే పొగ కూడా తగ్గింది. పైగా ఏ నియమమూ ఆపలేని పొగ ఒకటి ఉంది. 2023 జూన్‌లో క్యూబెక్ అడవుల మంటల పొగ టొరంటో ప్రాంతాన్ని కమ్మేసింది.

మన పెద్దవాళ్ల ఊళ్ల వైపు చూద్దాం. తెలంగాణలో పాల్వంచ దగ్గర కొత్తగూడెం థర్మల్ కేంద్రం సింగరేణి బొగ్గుతో నడుస్తుంది. 2024 ఆగస్టు 5న అక్కడి 8 పాత కూలింగ్ టవర్లను కూల్చారు. లేక్‌వ్యూలాగే ఉంది కదా? కానీ అక్కడ కొత్త యూనిట్లు బొగ్గుతోనే నడుస్తున్నాయి. భారత ప్రభుత్వం 2015లో థర్మల్ కేంద్రాల సల్ఫర్ డయాక్సైడ్‌కు హద్దు పెట్టింది. గడువును మళ్లీ మళ్లీ పెంచింది. 2025 జూలైలో చాలా కేంద్రాలకు సల్ఫర్ తీసే యంత్రాలు అక్కర్లేదంది. గడువు పెరిగినన్నాళ్లూ ఆ గాలి పీల్చేది చుట్టుపక్కల ఊళ్లవాళ్లే.

మీ అమ్మమ్మనో తాతయ్యనో అడగండి, వాళ్ల ఊరికి దగ్గర్లో బొగ్గు కేంద్రం ఉందా అని. వాళ్లు చెప్పింది "గడువు" వాడి రెండు వాక్యాల్లో రాయండి.