నల్లమాడ చరిత్ర గూగుల్‌లో ఎందుకు దొరకదు?

నల్లమాడ అని సెర్చ్ చేసి చూడండి. శ్రీ సత్యసాయి జిల్లా, మండల కేంద్రం, జనాభా, పిన్‌కోడ్. అంతే! మరి ఊరి చరిత్ర ఎక్కడ పోయింది?

ఎక్కడికీ పోలేదు. వేర్వేరు ఆఫీసుల్లో ముక్కలై ఉంది. బీటెక్ భాషలో చెప్పాలంటే, ఫైల్ ఒకటే, ఫోల్డర్లు మారుతూ వచ్చాయి.

1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. తన దగ్గర పెట్టుకున్న కంపెనీ సైన్యం ఖర్చు కింద అన్నమాట. అందుకే 'దత్త మండలాలు' అనే పేరొచ్చింది. 1807 దాకా కలెక్టర్‌గా ఉన్న థామస్ మన్రో పాళెగాళ్ళను అణిచాడు, పొలం పొలం కొలిపించి రైతు పేరు మీద శిస్తు కట్టించాడు. అనంతపురం జిల్లా బళ్ళారి నుంచి విడిపోయింది 1882లో. పక్కనున్న కదిరి తాలూకా అయితే 1910 దాకా కడప జిల్లాలోనే ఉండేది. కాబట్టి ఈ చుట్టుపక్కల ఊళ్ళ పాత సంగతులు వెతకాలంటే అనంతపురం ఒక్కటే చూస్తే సరిపోదు. కడప, బళ్ళారి రికార్డులు కూడా తిరగేయాలి.

మన కాలానికి వద్దాం. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు పదవులు రద్దు చేసింది. మరుసటి ఏడాది మండలాలు వచ్చాయి. నల్లమాడ పేరుతో ఒక అసెంబ్లీ నియోజకవర్గమే ఉండేది తెలుసా? 2009 ఎన్నికల నాటికి అది పోయి పుట్టపర్తి వచ్చింది. 2022లో జిల్లా పేరు కూడా మారింది.

ఇవన్నీ పైనుంచి వచ్చిన మార్పులు. ఊరి అసలు చరిత్ర నీళ్ళలో ఉంటుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే సీమ ఇది. పడిన చినుకును ఆపుకోకపోతే బతుకు లేదు. అందుకే విజయనగరం కాలం నుంచీ చెరువులే దిక్కు. దగ్గర్లోని బుక్కపట్నం చెరువు ఆ కాలందే. చెరువు కట్టినవాళ్ళకు, బాగుచేసేవాళ్ళకు దశబంధం కింద మాన్యం ఇచ్చేవాళ్ళు. తూము ఎత్తి, ఎవరి మడికి ఎప్పుడు నీళ్ళు పారాలో చూసుకునే మనిషి నీరుగంటి.

తర్వాత బోర్లొచ్చాయి, వేరుశనగ వచ్చింది. చెరువుతో పని తగ్గింది, నీరుగంటితోనూ పని తగ్గింది.

'పాత కథలు మనకెందుకు బ్రో' అంటారా? ఒక వంక ఎక్కడ పుట్టి ఏ చెరువులో కలుస్తుందో చెప్పేవాళ్ళు లేకపోతే, దాన్ని దున్నేసినా, ప్లాట్లు వేసినా అడిగేవాడుండడు. పెద్దవాన వచ్చిన రోజు నీళ్ళకు మాత్రం పాత దారి గుర్తుంటుంది. ఇళ్ళలోకి వస్తాయి. వాన రాని ఏడు చెరువు ఎండిపోయి ఉంటుంది. రెండువిధాలా నష్టం మనకే.

ఆ పేర్లు తెలిసిన అవ్వాతాతలకు ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్ళు. మనమేమో బెంగళూరులో ఉన్నాం. ఈసారి పండక్కి ఊరెళ్ళినప్పుడు తాతను చెరువుకట్ట మీదికి తీసుకుపోండి. ప్రతి తూముకూ, ప్రతి వంకకూ పేరడిగి ఫోన్‌లో రికార్డ్ చేయండి, మ్యాప్‌లో పిన్ పెట్టండి. కట్ట మీద రాతిశాసనం కనిపిస్తే ఫోటో తీయండి. సున్నం, పెయింట్ మాత్రం పూయొద్దు.

నల్లమాడే కాదు, మీది ఏ ఊరైనా సరే. మీ చెరువు పేరేంటో కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.