సావాసం మీద మోపిన నేరం

ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. అమెరికాలో ప్రొబేషన్ (జైలుకు బదులు షరతులతో బయట ఉంచే శిక్ష) మీద ఉన్నవారి హెచ్‌ఐవీ ముప్పుకు చాలా రచనలు చెప్పే కారణం ఇంతకంటే లోతుకు పోదు: చెడు స్నేహాలు, చెడు అలవాట్లు. ఇది సగం నిజం.

1841లో బోస్టన్‌లో జాన్ ఆగస్టస్ అనే బూట్ల తయారీదారు ఒక తాగుబోతుకు పూచీపడ్డాడు. ప్రొబేషన్‌కు అదే మూలం. 2007 చివరికి దాని కింద 42 లక్షల పైచిలుకు మంది ఉన్నారు. ఇక వ్యాధికి సావాసాన్ని వెతకడమూ కొత్త కాదు: 1984లో 40 మంది ఎయిడ్స్ రోగుల లైంగిక సంబంధాలను పటంగా గీశారు. అందులో ఒక్కణ్ని పట్టుకుని అమెరికాలో ఎయిడ్స్‌కు మూలపురుషుణ్ని చేసిన ప్రచారం 2016 నాటి జన్యు పరిశోధనతో కూలిపోయింది.

అసలు చూడవలసింది కొలరాడో స్ప్రింగ్స్. 1988-92 మధ్య అక్కడ పాటరాట్, రాథెన్‌బర్గ్ అనే పరిశోధకుల బృందం సెక్స్ వర్కర్లను, వారి విటులను, సూదితో మత్తుమందు ఎక్కించుకునేవారిని కలిపి 595 మందిని ప్రశ్నించింది. ముప్పు తెచ్చే అలవాట్లకు కొదవ లేదు. అయినా వైరస్ పెద్దగా పాకలేదు. సోకినవారు ఎక్కువగా సంబంధాల అల్లిక అంచుల్లో, విడివిడి చిన్న గుంపుల్లో ఉన్నారు. దీనికి భిన్నంగా, బ్రూక్లిన్‌లోని బుష్‌విక్‌లో పరీక్షించిన, సూదితో మత్తుమందు ఎక్కించుకునే 767 మందిలో సుమారు 40 శాతానికి సోకింది. పెద్ద అల్లిక నడిమధ్యన ఉన్నవారిలో అది మరీ ఎక్కువ. బుష్‌విక్‌కు వైరస్ ముందే చేరింది కాబట్టి తేడానంతా అల్లికకే కట్టబెట్టలేం. ఈ రెండూ ప్రొబేషన్ అధ్యయనాలు కావు. కానీ ఒక్క మాట తేల్చాయి: మనిషి ఏం చేస్తున్నాడన్నదే కాదు, ఎవరి మధ్య ఉన్నాడన్నదీ లెక్కే.

మనిషి ఎవరి మధ్య ఉంటాడన్నదాన్ని ప్రొబేషనే మారుస్తుంది. నేరాలకు శిక్షపడినవారితో అనుమతి లేకుండా కలవరాదన్నది మామూలు షరతు. సోదాలో సిరంజి దొరికితే జైలు తప్పదన్న భయంతో సొంతది ఇంట్లో వదిలి వచ్చినవాడు, వెళ్ళినచోట పక్కవాడిది అందుకుంటాడు. షరతు తప్పి జైలుకు పోతే ఇంట్లో జంట విడిపోతుంది. తిరిగొచ్చేసరికి ఇద్దరికీ వేరే సంబంధాలు ఏర్పడి ఉండవచ్చు. అమెరికా దక్షిణాది నల్లజాతీయుల విషయంలో పరిశోధకురాలు అడావోరా అడిమోరా ఈ వాదనే బలంగా వినిపించారు. ప్రొబేషన్ మీద ఉన్నవారి ముప్పుకు సంబంధాలు ఇలా చెదరడమే ప్రధాన కారణంగా నాకు తోస్తుంది; పేదరికాన్నీ జాతి వివక్షనూ దీన్నుంచి విడదీయడం మాత్రం కష్టం.

న్యూయార్క్‌లో నల్లజాతి మహిళలకు ప్రొబేషన్ కార్యాలయాల్లోనే హెచ్‌ఐవీ నివారణ శిక్షణ ఇచ్చిన ‘ఈ-వర్త్’ ప్రయోగం మంచి ఫలితాలిచ్చింది. మెచ్చుకోదగ్గదే. అయితే కండోమ్ సంగతి నేర్పిన చోటే, వాళ్ళు ఎవరిని కలవకూడదన్న షరతూ అమలైంది. మారమన్నది ఆ మహిళలను. షరతుల జోలికి ఆ ప్రయోగం పోలేదు.