హైదరాబాద్ రాజనీతి శాస్త్ర ఆచార్యులు: తరగతి గది బయట చేసిన పనులు

విశ్వవిద్యాలయ రాజనీతి శాస్త్ర శాఖల నుంచి వచ్చే వార్తలు సాధారణంగా సదస్సులు, పురస్కారాలు, కొత్త పుస్తకాల దగ్గరే ఆగిపోతాయి. హైదరాబాద్‌లోని ఉస్మానియా, కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఆచార్యులు కొందరు అంతకు మించిన పనులు చేశారు. అందులో ఒకటి ఒడిశాలోని తెలుగువారికి నేరుగా సంబంధించింది. ఆ వివరాలను మన పాఠకుల కోసం ఇక్కడ ఒకచోట పెడుతున్నాం.

మల్కనగిరి, 2011

2011 ఫిబ్రవరి 16న ఒడిశాలోని మల్కనగిరి జిల్లా కలెక్టర్ ఆర్. వినీల్ కృష్ణను, ఆయన వెంట ఉన్న జూనియర్ ఇంజనీరును చిత్రకొండ ప్రాంతంలో మావోయిస్టులు అపహరించారు. ప్రభుత్వంతో మాట్లాడేందుకు ముందుకొచ్చిన మధ్యవర్తులలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం బోధించిన ఆచార్య జి. హరగోపాల్ ఒకరు. ఆయనతో పాటు ఆర్. సోమేశ్వరరావు, దండపాణి మహంతి ఉన్నారు. భువనేశ్వర్‌లో చర్చలు సాగాక, సుమారు వారం రోజులకు బందీలు ఇద్దరూ ప్రాణాలతో బయటపడ్డారు.

ఆ చర్చల్లో 14 డిమాండ్లు ముందుకు వచ్చాయి. పత్రికల్లో ఎక్కువగా కనిపించినవి ఖైదీల విడుదల, కూంబింగ్ నిలిపివేత. మనం గుర్తుపెట్టుకోవలసింది మరొకటి ఉంది: కొండరెడ్లను, నూకదొరలను షెడ్యూల్డు తెగల జాబితాలో చేర్చాలన్నది. కొండరెడ్లు తెలుగు మాట్లాడే తెగ. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో వారికి ఎస్టీ గుర్తింపు ఎప్పటినుంచో ఉంది. సరిహద్దు దాటి ఒడిశాలో ఉన్నవారికి మాత్రం అప్పటికి లేదు.

గుర్తింపు ఎందుకు ఆలస్యమైంది?

రాజ్యాంగం 342వ అధికరణం ప్రకారం షెడ్యూల్డు తెగల జాబితా రాష్ట్రం వారీగా ఉంటుంది. ఒకే తెగ, ఒకే భాష అయినా ఒక రాష్ట్రపు గుర్తింపు పక్క రాష్ట్రంలో చెల్లదు. కొత్త పేరు చేర్చాలంటే ముందు రాష్ట్ర ప్రభుత్వం సిఫారసు చేయాలి. దాన్ని రిజిస్ట్రార్ జనరల్, జాతీయ ఎస్టీ కమిషన్ పరిశీలించాలి. చివరికి పార్లమెంటు చట్టం చేయాలి. కలెక్టరు గానీ ముఖ్యమంత్రి గానీ సొంతంగా చేర్చలేరు.

మల్కనగిరి చర్చలు జరిగిన 13 ఏళ్లకు, 2024 ఫిబ్రవరిలో పార్లమెంటు ఒడిశా జాబితాను సవరించింది. కొండరెడ్డి తెగ పేరు అందులో చేరింది. పాత కోరాపుట్ జిల్లా పరిధిలో, అంటే ఇప్పటి కోరాపుట్, నవరంగపూర్, రాయగడ, మల్కనగిరి జిల్లాలలో, మూకదొర పేరు చేరింది. నూకదొర అన్న పేరును దానికి పర్యాయంగా ఇచ్చారు. ఈ సవరణ మధ్యవర్తుల వల్లే వచ్చిందనడం సరికాదు. దాని వెనుక ఆ తెగల సొంత పోరాటం ఉంది, ప్రభుత్వ సిఫారసు ఉంది. అయితే అడవిలోని ఒక చిన్న సముదాయపు కోరిక రాష్ట్ర రాజధానిలో చర్చల బల్ల మీదకు వచ్చిన సందర్భాలలో 2011 ఒకటి.

మరుసటి ఏడాది ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా కలెక్టర్ అలెక్స్ పాల్ మీనన్ అపహరణ సమయంలోనూ హరగోపాల్, బి.డి. శర్మ కలిసి మధ్యవర్తిత్వం వహించారు.

ఉస్మానియా నుంచి

ఉస్మానియాలో ప్రభుత్వ పాలనా శాస్త్ర ఆచార్యుడు జి. రాంరెడ్డి పంచాయతీరాజ్‌పై పరిశోధన చేశారు. 1982లో హైదరాబాద్‌లో ఏర్పడిన సార్వత్రిక విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతి ఆయనే. కళాశాలకు వెళ్లలేనివారు ఇంటి దగ్గరే ఉండి తెలుగులో డిగ్రీ చదువుకునే దారి దానితో తెరుచుకుంది. అదే నేటి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1985లో ఇగ్నోకు కూడా ఆయనే తొలి ఉపకులపతి అయ్యారు.

రాజనీతి శాస్త్ర ఆచార్యుడు ఎం. కోదండరాం తెలంగాణ ఉద్యమంలో ఐక్య కార్యాచరణ సమితికి నాయకత్వం వహించారు. 2018లో తెలంగాణ జన సమితి పార్టీని స్థాపించారు. 2024 ఆగస్టులో శాసనమండలి సభ్యుడిగా ప్రమాణం చేశారు.

అదే శాఖలో పనిచేసిన కంచ ఐలయ్య కులం మీద రాసిన పుస్తకాలు దేశమంతటా చర్చకు, వివాదానికి దారితీశాయి. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో మొదలుపెట్టిన ఇంటింటి కుల సర్వే వివరాలను విశ్లేషించడానికి 2025లో నిపుణుల బృందాన్ని నియమించింది. జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి అధ్యక్షతన ఏర్పడిన ఆ బృందానికి ఐలయ్య ఉపాధ్యక్షుడు.

మనకు పనికొచ్చేది

2011 జనాభా లెక్కల ప్రకారం తమిళనాడులో సుమారు 42 లక్షల మంది, కర్ణాటకలో సుమారు 35 లక్షల మంది తెలుగును మాతృభాషగా నమోదు చేయించుకున్నారు. బడిలో తెలుగు కావాలని అడిగినా, కులధ్రువీకరణ కోసం వెళ్లినా ముందు చూసేది కాగితం మీద ఉన్న పేరునే. మాతృభాష గడిలో, తెగ పేరు గడిలో ఏం రాయిస్తున్నామో చూసుకోవాలి.

ఒడిశాలోని కొండరెడ్డి, నూకదొర కుటుంబాలకు ఒక సూచన. చట్టం వచ్చినంత మాత్రాన ధ్రువపత్రం దానంతట అది ఇంటికి రాదు. తహసీల్దారు కార్యాలయంలో దరఖాస్తు పెట్టుకోవాలి. పాత భూమి కాగితాల్లో, బడి రికార్డుల్లో తెగ పేరు వేరేగా రాసి ఉంటే ఆ సంగతి ముందే తెలుసుకోవాలి. చదువుకున్న మన పిల్లలు ఊళ్లోని పెద్దల పక్కన కూర్చుని ఈ దరఖాస్తులు నింపిపెడితే, అది కూడా రాజనీతి శాస్త్రమే.