లోతు చూపని తెర

ఎక్కండి, తాళ్లు విప్పుతున్నాం. స్టీరింగు పక్క సీట్లో కూర్చుంటే తెర బాగా కనబడుతుంది. నవంబరు నెల, తూర్పు ఇప్పుడిప్పుడే తెల్లబడుతోంది. లేక్ టెక్సోమా మీద ఉత్తరపు గాలి సన్నగా వీస్తోంది. డాలస్ నుంచి గంటన్నర పైకి వస్తే టెక్సస్, ఓక్లహోమాల సరిహద్దు మీద పరుచుకున్న నీళ్లివి. వాషిటా నది వచ్చి కలిసే చోట రెడ్ రివర్‌కి అడ్డంగా కట్టి 1944లో పూర్తి చేసిన డెనిసన్ డ్యామ్ వల్ల ఏర్పడిన జలాశయం.

పడవ మా బావది. మేనత్త కొడుకు, నా ఈడువాడే, ఫ్రిస్కోలో ఉంటాడు. అల్యూమినియం పడవకి వెనక ఔట్‌బోర్డ్ మోటారు, ముందు చిన్న ఎలక్ట్రిక్ ట్రోలింగ్ మోటారు. అణియంలో దుప్పటి కప్పుకుని కూర్చున్నది వాడి కొడుకు.

"చూస్తూ ఉండు బావా, ఇప్పుడు ఆరిపోతుంది," అంటూ మా బావ తాళం తిప్పాడు.

మోటారు గరగరమని అందుకుంది. అదే క్షణంలో, లోతునీ చేపల్నీ చూపించే ఫిష్ ఫైండర్ తెర నల్లబడింది. మోటారు నిలకడకి వచ్చాక తెర మళ్లీ తనంతట తానే వెలిగి, మొదటినుంచి మొదలుపెట్టింది.

రేవు దాటేదాకా నెమ్మదిగానే పోవాలి. ఇప్పుడు తెర మీద అంకెలు చూడండి: 18 అడుగులు, 22, 31. అడుగు గీత స్పష్టంగా ఉంది. బయటి నీళ్లలోకి రాగానే బావ వేగం పెంచాడు. గంటకి పదిహేను మైళ్ల వరకు బాగానే ఉంది. ఇరవై దాటేసరికి అడుగు గీత తునాతునకలైంది. లోతు అంకె మినుకుమినుకుమంటూ ఒకసారి మూడడుగులు అంది, ఒకసారి ఏమీ అనలేదు. బావ వెంటనే వేగం తగ్గించాడు. తగ్గించక ఏం చేస్తాడు? ఈ డ్యామ్ కింద ప్రెస్టన్, వుడ్‌విల్, ఐల్స్‌వర్త్ లాంటి ఊళ్లు మునిగాయి. చెట్ల మొద్దులు ఇప్పటికీ నిలబడే ఉన్నాయి. నీటిమట్టం తగ్గిన ఏడాది మూడడుగులన్నది అబద్ధమే అని ధీమాగా పోవడానికి లేదు.

ఔట్‌బోర్డ్ ఆపి ముందున్న ట్రోలింగ్ మోటారు వేశాడు. తెర నిండా పైనుంచి కిందికి చుక్కలు చుక్కలుగా వాన.

"అందరూ కొత్తది కొనుక్కోమంటున్నారు," అన్నాడు బావ.

నేను వద్దంటాను. ఈ యంత్రం ఒకే చోట పాడైతే ఎప్పుడూ ఒకేలా పాడై ఉండాలి. ఇది మూడు సందర్భాల్లో మూడు రకాలుగా తప్పుతోంది: మోటారు స్టార్టు చేసినప్పుడు ఆరిపోతోంది, వేగంలో గుడ్డిదవుతోంది, ట్రోలింగ్ మోటారు తిరిగితే చుక్కలు కురిపిస్తోంది. ఏం పోయిందన్న ప్రశ్న పక్కన పెట్టి, ఎప్పుడు పోతోందని అడగాలి. ఆ 'ఎప్పుడు' అన్నదే మనల్ని సరైన చోటికి తీసుకెళ్తుంది.

లంగరు వేశాం. పని మొదలుపెట్టేముందు ఈ తెర ఏం గీస్తోందో ఒకసారి చూడండి. పడవ వెనక, అమరం దగ్గర నీళ్లలోకి వేలాడుతున్న నల్లటి డబ్బీ ట్రాన్స్‌డ్యూసర్. దాని లోపల పింగాణీ లాంటి బిళ్ల ఉంటుంది. కరెంటు తగిలితే అదురుతుంది. ఆ అదురు శబ్దమై కిందికి పోతుంది. అడుగుని తాకి వెనక్కొచ్చిన శబ్దం అదే బిళ్లని అదిరిస్తే మళ్లీ కరెంటు పుడుతుంది. మంచినీళ్లలో శబ్దం సెకనుకి దాదాపు 1,480 మీటర్లు పోతుంది. యాభై అడుగుల లోతుకి వెళ్లి రావడానికి సెకనులో యాభయ్యో వంతు చాలు. యంత్రం కొలిచేది ఆ వ్యవధినే. దాన్నే అడుగులుగా మార్చి రాస్తుంది. తెర కుడి అంచున ఉన్న సన్నటి నిలువు గీత ఒక్కటే ఇప్పటిది. ఎడమవైపు కనబడేదంతా గడిచిపోయింది.

జపాన్‌లో ఫురునో సోదరులు 1948లో చేపల పడవలకి ఈ పద్ధతిని అమ్మకానికి తెచ్చారు. సరదాగా చేపలు పట్టేవాళ్ల చేతికి 1957 తర్వాత లోరెన్స్ కుటుంబం అందించింది. ఆ సంస్థ తర్వాత స్థిరపడిన తుల్సా ఇక్కడికి ఉత్తరాన, ఈ ఓక్లహోమాలోనే ఉంది. అంతకుముందు ఇక్కడైనా, మన విశాఖ రేవులోనైనా చిన్న పడవల వాళ్లు తాడుకి బరువు కట్టి వదిలి చూసుకోవలసిందే.

ముందు కరెంటు సంగతి. అది తేలకుండా మిగతావాటి జోలికి పోకూడదు. చాలని కరెంటుతో నడిచే యంత్రం ఏ తప్పైనా చేయగలదు.

"మామయ్యా, ప్లగ్గు దగ్గర చూశాను, పన్నెండున్నర వోల్టులు వస్తోంది. కరెంటు బాగానే ఉంది," అన్నాడు పిల్లాడు.

వాడి చేతిలోని మల్టీమీటరు చూడండి: నిజంగానే 12.5. కానీ ప్లగ్గుని యంత్రం నుంచి పీకి కొలిచాడు. అప్పుడు తీగలో కరెంటు పారదు. కరెంటు పారనప్పుడు ఎంత కుళ్లిపోయిన అతుకైనా పూర్తి వోల్టేజి చూపిస్తుంది. చాలామంది ఇక్కడే ఆగిపోయి, లోపం యంత్రంలోనే ఉందని తేల్చేస్తారు. ప్లగ్గు పెట్టి, తెర వెలుగు పూర్తిగా పెంచి, యంత్రం తనకి అందుతున్న వోల్టేజి ఎంతని చూపిస్తోందో చూద్దాం. సిస్టమ్ పేజీలో ఉంది: 11.3. మీటరు మొనలు బ్యాటరీ మీదే పెడితే 12.5. మధ్యలో 1.2 వోల్టులు ఎక్కడో ఇంకిపోతున్నాయి. కాలవ మొదట్లో నిండుగా పారుతున్నా చివరి మడికి నీళ్లందకపోవడం లాంటిదే ఇది.

ఇప్పుడు మొదటి లక్షణం అర్థమవుతుంది. ఔట్‌బోర్డ్ స్టార్టర్ తిరిగే క్షణంలో బ్యాటరీ వోల్టేజి పదిన్నరకి పడిపోతుంది. అందులోంచి ఇంకో 1.2 పోతే యంత్రానికి అందేది తొమ్మిది చిల్లర. ఇలాంటి యంత్రాలు చాలావరకు పది వోల్టుల దరిదాపుల్లో ఆగిపోతాయి. ఆగిపోవడం దాని తప్పు కాదు.

ఎక్కడ పోతోందో వెతకడానికి ఊహలక్కర్లేదు. వెనక మూత ఎత్తాను. ఈ టార్చి పట్టుకోండి. మీటరు నల్ల మొన బ్యాటరీ నెగటివ్ బొడిపె మీద కదలకుండా ఉంచాను. ఎర్ర మొనని ఫిష్ ఫైండర్ నల్ల తీగ వెంట ఒక్కొక్క అతుకు దాటిస్తూ పోతాను. యంత్రం వెలుగుతూనే ఉండాలి. బాగున్న చోట దాదాపు సున్నా రావాలి. బొడిపె మీద నట్టు, సున్నా. నట్టు కింద నాలుగు తీగల చివరి గుండ్రటి కళ్లు దొంతరగా ఉన్నాయి: పట్టిన చేపల్ని ఉంచే లైవ్‌వెల్ పంపుది, లైట్లది, అడుగున చేరిన నీళ్లు తోడే బిల్జ్ పంపుది, అన్నిటికంటే పైన ఫిష్ ఫైండర్‌ది. ఆ చివరి కంటి మీద 0.1. అదే కంటిలో బిగించిన తీగ రాగి మీద మొన గుచ్చితే, 0.9.

తీగ తొడుగుని వేలితో వెనక్కి జరిపాను. రాగి నల్లబడి, పైన ఆకుపచ్చటి పొడి పట్టింది. లాగితే కన్ను ఊడి చేతికొచ్చింది. మిగిలిన కొంచెం ఫ్యూజు గూటిలో దొరికింది. స్ప్రింగు తుప్పు పట్టి ఉంది. సముద్రం మీద తిరగని పడవకి ఉప్పు తుప్పు ఎక్కడిదంటారేమో. రెడ్ రివర్ పైదారిలో ఉప్పు నేలల మీదుగా వస్తుంది. టెక్సోమా నీళ్లలో ఆ ఉప్పు జాడ ఉంటుంది. ఎలక్ట్రానిక్ పరికరాల తీగల్లో నష్టం మూడు శాతం దాటకూడదని అమెరికా పడవల వైరింగు ప్రమాణం. పన్నెండు వోల్టులకి అది 0.36. మనది దానికి మూడింతలు.

నల్లబడిన రాగి కోసేసి, మెరిసే తీగ దాకా వెనక్కి వెళ్లి, కొత్త కన్ను వేసి నొక్కాను. ఫ్యూజు గూడు మార్చాం, అదే మూడు ఆంపియర్ల ఫ్యూజు మళ్లీ పెట్టాం. ఊరికే ఎగిరిపోతోందని పెద్ద ఫ్యూజు వేసేవాళ్లని చూశాను. ఆ పని ఎన్నడూ చేయకండి, ఫ్యూజుకి బదులు తీగ కాలుతుంది. ఇప్పుడు తెర మీద 12.3.

"స్టార్టు చెయ్యి బావా."

మోటారు అందుకుంది. తెర ఒక్కసారి కూడా రెప్ప వాల్చలేదు. పిల్లాడు దుప్పటి పక్కన పడేసి లేచొచ్చాడు.

రెండోది నీళ్లకి సంబంధించినది. పడవ నిలబడినప్పుడూ నెమ్మదిగా పోతున్నప్పుడూ అడుగు బాగా కనబడుతోందంటే బిళ్ల, తీగ బాగున్నట్టే. తీగ లోపల తెగి ఉంటే నీటి వేడి అంకె కూడా పిచ్చిపిచ్చిగా మారేది. అది 64 ఫారన్‌హీట్ దగ్గర కదలకుండా ఉంది. వేగంలోనే పోతోందంటే, బిళ్లకీ నీటికీ మధ్య గాలి దూరుతోంది. శబ్దానికి గాలి బుడగ గోడతో సమానం.

రేవుకి వెళ్లి ట్రైలర్ మీదికి ఎక్కించి పైకి లాగాం. వంగి చూడండి. వేసవంతా నీళ్లలోనే కట్టి ఉంచిన పడవ కాబట్టి ట్రాన్స్‌డ్యూసర్ అడుగున పాచి జిగురు, దాని మీద గోరు కొన కంటే చిన్న గుల్లలు నాలుగైదు. జీబ్రా మస్సెల్ అంటారు. టెక్సస్‌లో ఇవి మొదట కనబడ్డది ఈ జలాశయంలోనే, 2009లో. చాకుతో గీకబోయిన పిల్లాడి చెయ్యి పట్టుకున్నాను. బిళ్ల ముఖం మీద గీత పడకూడదు. సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ, కాస్త ఓపిక చాలు.

శుభ్రం చేశాక అసలు లోపం కనబడింది. పడవ అడుగున పొడుగునా రివెట్ల వరస. వాటిని ఒరుసుకుంటూ వచ్చే నీటిలో బుడగలు పుట్టి వెనక్కి పారతాయి. ట్రాన్స్‌డ్యూసర్ ముఖం పడవ అడుగుకంటే కొంచెం పైనే ఉంది, సరిగ్గా ఆ బుడగల దారిలో. పక్కకి జరపాలంటే పడవకి కొత్త రంధ్రాలు వేయాలి. ముందు ఉన్నచోటే దించి చూద్దాం. స్క్రూలు వదులు చేసి, ముఖం పడవ అడుగుకంటే కొన్ని మిల్లీమీటర్లు కిందికి వచ్చేలా దించాను, వెనక అంచు వెంట్రుకవాసి కిందికి ఉండేలా. ఎక్కువ దించితే నీటిని చీల్చి అదే బుడగలు పుట్టిస్తుంది, విరిగే ప్రమాదమూ ఉంది. ఒకటి మార్చి పరీక్షించాలి, పనికి రాకపోతే ఇంకొకటి. రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు.

మళ్లీ నీళ్లలోకి. ఇందాక పిల్లాడు మార్చేసిన సెన్సిటివిటీని ఆటోలో పెట్టించాను. చేప బొమ్మలు చూపించే సదుపాయం కూడా తీయించాను. అది ఉంటే మునిగిన కొమ్మకీ, ఆకు గుంపుకీ కూడా చేప బొమ్మే గీస్తుంది.

పదిహేను మైళ్లు. ఇరవై. గట్టిగా పట్టుకోండి. ఇరవై అయిదు, ఇరవై ఎనిమిది. అడుగు గీత వణుకుతోంది, తెగడం లేదు. 52 అడుగులు, 55, హఠాత్తుగా 38, మళ్లీ 54. ఆ 38 పాత గట్టు. ఇప్పుడు ఆ అంకెని నమ్మవచ్చు.

"మామయ్యా, పక్షులు!"

వాషిటా పాయ మొదట్లో గల్ పక్షులు గుంపుగా నీటి మీద పడుతున్నాయి. కింద స్ట్రైపర్లు షాడ్ చేపల్ని పైకి తరుముతున్నాయన్నమాట. స్ట్రైపర్ అట్లాంటిక్ తీరపు చేప. 1960లలో ఇక్కడ వదిలారు. పొడుగాటి నదులుండటం వల్ల గుడ్లు పెట్టి తనంతట తానే పెరుగుతోంది. దూరంగానే మోటారు ఆపేసి గాలివాటున లోపలికి జారాం. తెర చూడండి: ముప్పై అడుగుల దగ్గర షాడ్ గుంపు, మబ్బుముద్దలా. దాని కింద వంపు గీతలు, ఒకదాని మీద ఒకటి. శబ్దం గంటలా విచ్చుకుంటూ కిందికి పోతుంది. చేప దాని అంచున ఉన్నప్పుడు దూరం ఎక్కువ, నడిమికి వస్తే తక్కువ, దాటిపోతుంటే మళ్లీ ఎక్కువ. అందుకే ఆ వంపు. ఈ కిరణం ఇరవై డిగ్రీలది. యాభై అడుగుల లోతులో పదిహేడున్నర అడుగుల వెడల్పు వృత్తాన్నే చూస్తుంది. దాని బయట ఎన్ని చేపలున్నా మనకి తెలియవు.

పిల్లాడు సీసపు ఎర వదిలాడు. అది కిందికి దిగుతున్న ఏటవాలు గీత కూడా తెర మీద కనబడింది. ముప్పై రెండడుగుల దగ్గర గాలపు కర్ర వంగింది.

గాలి పడవని పక్షులకి దూరంగా నెట్టేస్తోంది. బావ ట్రోలింగ్ మోటారు వేశాడు. మళ్లీ చుక్కల వాన. మూడోది మిగిలే ఉంది.

చేపని ఐసుపెట్టెలో వేసి, కారులోంచి తెచ్చిన చిన్న పన్నెండు వోల్టుల బ్యాటరీ తీశాను. ఫిష్ ఫైండర్‌ని పడవ తీగల నుంచి పూర్తిగా విడదీసి దానికి కలిపాను. ట్రోలింగ్ మోటారు అదే వేగంలో తిరుగుతోంది. తెర శుభ్రం. ఒక్క చుక్క లేదు. ట్రాన్స్‌డ్యూసర్ తీగ ద్వారా వచ్చే రొద అయితే బ్యాటరీ మార్చినా పోదు. ఇది కరెంటు తీగ లోంచే వస్తోంది. ట్రోలింగ్ మోటారు వేగం తగ్గించడానికి కరెంటుని సెకనుకి వేలసార్లు ఆపి వదులుతుంది, ఆ కుదుపులు తీగల వెంట పాకి వస్తున్నాయి.

"అయితే దీనికి వేరే బ్యాటరీ పెట్టాలంటావు."

"పెట్టాలి. తీగ కూడా వేరే దారిలో లాగాలి, మోటారు తీగల కట్టలో కలపకుండా. పడవ ఇంటికి తీసుకుపోదాం, గ్యారేజీలో ప్రశాంతంగా చేయొచ్చు."

రేవులో ట్రైలర్ మీద పడవ ఆగగానే లైవ్‌వెల్, బిల్జ్ నీళ్లన్నీ వదిలేశాం. గుల్లల పిల్లలు ఇంకో చెరువుకి పోకుండా టెక్సస్‌లో అది చట్టం. పిల్లాడు టేపు పట్టుకుని సీటు కింద నుంచి స్టీరింగు దాకా పాక్కుంటూ కొలిచాడు.

"పదహారడుగులు, మామయ్యా."

"వెళ్లే తీగ అంతే. తిరిగొచ్చే తీగ కూడా లెక్కేస్తే?"

"ముప్పై రెండు," అన్నాడు వాడు. బావ ఫోను తీసి పద్నాలుగు గేజి, తగరం పూత ఉన్న రాగి తీగ వెతకడం మొదలుపెట్టాడు.